నా కోపంలో నాన్న వాటా ఎంత? – సమాధానం

“కోపస్వభావం 40 శాతం వంశపారంపర్యమని చదివాను, అంటే నా కోపంలో 40 శాతం నాన్నదేనా?” అని అడిగారు. కాదండీ. ఆ అంకె ఒక మనిషిని వాటాలు వెయ్యదు. ఒక జనాభాలో మనుషుల మధ్య ఉన్న తేడాల్లో జన్యువుల వంతు ఎంతో చెబుతుంది, అంతే. పరిసరాలు మారితే అంకే మారొచ్చు.

జన్యువుల్లో ఉన్నంత మాత్రాన మార్చలేమనీ కాదు. ఫినైల్‌కీటోన్యూరియా అనే పుట్టుకతో వచ్చే జబ్బు సంగతి చూడండి. జన్యులోపం వల్ల, ఆహారంలోని మాంసకృత్తుల్లో ఉండే ఫినైలాలనిన్ అనే పదార్థం ఒంట్లో పేరుకుని పసిమెదడు దెబ్బతింటుంది. పుట్టిన కొద్ది రోజుల్లోనే మడమ నుంచి రక్తపుచుక్క తీసి కనిపెట్టి, ఆ పదార్థం బాగా తక్కువుండే ఆహారం పెడితే బిడ్డ దాదాపు మామూలుగానే ఎదుగుతుంది. లోపం మాత్రం అలాగే ఉంటుంది! (కోపం ఇంత సూటి వ్యవహారం కాదు. దాని వెనక ఎన్నో జన్యువులు, ఒక్కోదాని ప్రభావం ఆవగింజంత.)

పైగా మీరు నాన్న అరుపులు వింటూ కూడా పెరిగారు. ఒకే ఇంట్లో జన్యువుల ప్రభావాన్నీ పెంపకం ప్రభావాన్నీ విడదీయలేం, అందుకే పరిశోధకులు కవలల్నీ దత్తపిల్లల్నీ పోల్చి చూస్తారు. మీరైతే కోపం వచ్చిన ప్రతిసారీ దానికి ముందు ఏం జరిగిందో, నిద్ర చాలిందో లేదో రాసి పెట్టుకోండి. మార్చగలిగేవి అక్కడే దొరుకుతాయి.