బంగారం మీద అణువుల పొర... ఆ పీహెచ్‌డీతో అమ్మాయి స్థిరపడుతుందా?

ప్రశ్న: మా అమ్మాయి ఎమ్మెస్సీ కెమిస్ట్రీ పూర్తిచేసింది, జేఆర్‌ఎఫ్ (పరిశోధనకిచ్చే జూనియర్ ఫెలోషిప్) వచ్చింది. బంగారంపై ట్రైమెసిక్ ఆమ్లం పొర ఎంత వేడిని తట్టుకుంటుందనే అంశంపై పీహెచ్‌డీ చేస్తానంటోంది. 23 ఏళ్లు, సంబంధాలు వస్తున్నాయి. ఆరు నెలల డేటా సైన్స్ కోర్సు నయం కదా?
- ఓ తండ్రి, ఖమ్మం

జవాబు: అయిదేళ్లు చదివాక కూడా స్థిరపడకపోతే ఎలా అన్నదే మీ బెంగ. జేఆర్‌ఎఫ్ కింద నెలకు 37,000 రూపాయలు, రెండేళ్ల తర్వాత ఎస్‌ఆర్‌ఎఫ్‌గా (సీనియర్ ఫెలోషిప్) 42,000, పైన ఇంటద్దె భత్యం. ఆమె ఖర్చులు ఆమే చూసుకోగలదు.

ఆరు నెలల కోర్సు మీద నాకు గట్టి అనుమానాలున్నాయి. అక్కడ చేతికిచ్చేది ఎవరో శుభ్రం చేసిపెట్టిన డేటా. అది ఎలా పుట్టింది, తప్పెక్కడుంది అని అడిగే అలవాటు రాదు. ‘ప్లేస్‌మెంట్ గ్యారంటీ’ షరతులు కాగితం మీద చదవందే ఫీజు కట్టకండి. పైథాన్ ప్రోగ్రామింగ్ అంటారా, పీహెచ్‌డీలో మైక్రోస్కోపు తీసే బొమ్మల విశ్లేషణకు ఎలాగూ నేర్చుకుంటుంది.

ఇక ఆమె అంశానికొస్తే, ట్రైమెసిక్ ఆమ్లం అణువుకు మూడు చేతులు. ఒక్కోటి పక్క అణువు చేతిని రెండు హైడ్రోజన్ బంధాలతో పట్టుకుంటే తేనెపట్టులాంటి వల వస్తుంది. దాన్ని వాక్యూమ్ ఛాంబర్‌లో ఉంచి, అణువులను సైతం చూపే టన్నెలింగ్ మైక్రోస్కోపులో చూస్తూ వేడి పెంచుతారు. పది డిగ్రీలు పెరిగితే చాలు, నమూనాను పట్టుకున్న భాగాలు వ్యాకోచించి చూస్తున్న చోటు జారుతుంది, బొమ్మలో వల గదులు వంకరపోతాయి. కొత్తవాళ్లు ‘పొర మారింది’ అని రాసేస్తారు. అదే చోటును కిందినుంచి పైకి, పైనుంచి కిందికి స్కాన్ చేయాలి. వంకర దిశ తిరగబడితే అది జారుడే. రెండింట్లో ఒకేలా ఉంటే చల్లార్చి చూడాలి: వల తిరిగొస్తే అణువులు సర్దుకున్నట్టు, ఖాళీలు మిగిలితే లేచిపోయినట్టు. రాగి మీదైతే గది ఉష్ణోగ్రతకే ఆమ్లం హైడ్రోజన్లను వదిలి లోహంతో బంధం కట్టుకుంటుంది. ఆ గట్టిదనాన్ని హైడ్రోజన్ బంధం ఖాతాలో వేయకూడదు. ఈ నిక్కచ్చి, వాక్యూమ్‌లో లీకు పట్టే నేర్పు చిప్పులు, పలుచని పూతలు చేసేచోట పనికొస్తాయి.

కోప్పడకండి గానీ, మీ ఉత్తరంలో సంబంధాల ఊసుంది, ఆమెకేది ఇష్టమో ఒక్క ముక్క లేదు. అది తప్పండీ. ముందు కూర్చోబెట్టి అడగండి.

చేరేముందు ఆమె అడగాల్సినవీ ఉన్నాయి. ఆ మైక్రోస్కోపులో నమూనాను వేడిచేస్తూ చూడొచ్చా? నిరుడు ఎన్ని నెలలు నడిచింది? ఛాంబర్ తెరిచిన ప్రతిసారీ 120-150 డిగ్రీల వద్ద ఒకట్రెండు రోజులు బేక్ చేయాలి (లోపల చేరిన తేమ పోయేలా వేడిచేయాలి), అందుకే మాటిమాటికీ తెరిచే ల్యాబులో పని సాగదు. ఇవి గైడుతోపాటు అక్కడి సీనియర్లనూ విడిగా అడగమనండి.