ఆ గడి ఖాళీగా ఉండనీ

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

మీ మార్కెట్ వార్తల వెబ్‌సైట్‌కు తెర వెనక ధరలూ లెక్కలూ నడిపే బ్యాకెండ్ టీమ్‌ను నీకు అప్పగించారని మీ అమ్మ ఫోనులో చెప్పి మురిసిపోయింది. ఉదయం 9.15కి మార్కెట్ తెరిచే వేళ ఆ కుర్చీలో ఎలా ఉంటుందో ఆమెకు నేను చెప్పలేదు. మార్కెట్ వార్తల సంస్థల్లో ఇరవై ఏళ్లు పనిచేసినవాణ్ని కాబట్టి నీకు మాత్రం చెబుతాను.

వేరే చోట వెబ్‌సైట్ ఆగితే జనం విసుక్కుంటారు. మన చోట అంకె తప్పుగా పడితే, దాన్ని నమ్మి ఎవరో షేర్లు అమ్మేసుకుంటారు. ధర చూపించలేకపోవడం చిన్న తప్పు, తప్పుడు ధర చూపించడం పెద్ద తప్పు. నిన్న చేరిన కుర్రవాడికి కూడా ఈ తేడా తెలియాలి.

ఒకసారి ఒక కంపెనీ 1:1 బోనస్ ఇచ్చింది. షేరుకు షేరు ఉచితం కాబట్టి ఎక్స్-డేట్ నాడు, అంటే షేరు బోనస్ హక్కు లేకుండా ట్రేడయ్యే మొదటి రోజున, ధర సగానికి దిగుతుంది, ఎవరికీ నష్టం ఉండదు. 2024 అక్టోబరు 28న రిలయన్స్ విషయంలోనూ అంతే కదా. అలాంటప్పుడు క్రితం ముగింపు ధరను కూడా సగం చేసి పోల్చాలి. మా ప్రోగ్రామ్ రాత్రే ఆ పని చేసింది, డేటాబేసులో అంతా సరిగ్గానే ఉంది. పేజీ త్వరగా తెరుచుకోవడానికి పక్కన దాచి ఉంచే నకలు (cache)లో మాత్రం పాత ధర మిగిలిపోయింది. 9.16కి బాగా నష్టపోయిన షేర్ల పట్టికలో ఆ కంపెనీ అందరికంటే పైన, మైనస్ 50 శాతంతో! అలర్ట్ దానంతటదే ఫోన్లకు వెళ్లిపోయింది. డెస్క్ ఎడిటర్ చెప్పులు కూడా వేసుకోకుండా మా గదిలోకి పరుగెత్తుకొచ్చాడు.

నేను అందరి ముందూ నిలబడి "ఈ కోడు ఎవరు రాశారు?" అని అరిచాను. పాపం, రాసినవాడు చెయ్యెత్తాడు. పేజీ పావుగంటలో సరైంది. ఆ తరవాత మూడు నెలలు ఎవరూ ఏ పొరపాటూ నా దాకా తీసుకురాలేదు. పొరపాట్లు జరగక కాదు. నువ్వు ముందు పేజీని సరిచేయించు. 3.30 దాటి మార్కెట్ మూశాక అందరినీ కూర్చోబెట్టి, తప్పు ఏ దారిన వచ్చిందో బోర్డు మీద గీయించు. పేర్లు అడగకు, వాళ్లే చెబుతారు.

చివరికి మేం పెట్టిన కాపలా చాలా చిన్నది. ఒక్కరోజులో ధర 20 శాతానికి మించి మారితే గడిలో ధరకు బదులు గీత మాత్రమే కనిపిస్తుంది, మనిషి చూసి సరేనన్నాకే అలర్ట్ వెళుతుంది. చాలా షేర్లను ఎక్స్ఛేంజీలే ఆ హద్దు దాటనివ్వవు కదా, మనకెందుకు తొందర?

మార్కెట్ వేళలను కోడులో పాతిపెట్టనివ్వకు. 2021 ఫిబ్రవరి 24న సాంకేతిక లోపంతో నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజ్ (ఎన్‌ఎస్‌ఈ)లో ట్రేడింగ్ ఆగి, మళ్లీ 3.45కి మొదలై సాయంత్రం 5 దాకా సాగింది. 3.30కే ముగింపు ధర పట్టుకునే ప్రోగ్రాముల గతి ఊహించుకో. దీపావళి ముహూర్తం ట్రేడింగ్ అంటే సాయంత్రమే అనుకుంటాం, 2025లో మధ్యాహ్నం పెట్టారు. వేళలన్నీ ఒక పట్టికలో ఉంచు, దాన్ని చూసుకునే పని ఒకరికి అప్పగించు.

త్రైమాసిక ఫలితాల్లో ఒక కంపెనీ అంకెలను లక్షల్లో ఇస్తుంది, మరొకటి కోట్లలో. లక్షల అంకెను కోట్లుగా చదివితే లాభం వందరెట్లవుతుంది. నీ టీమ్‌లో పిల్లల్ని నెలకో రోజు న్యూస్‌రూమ్‌లో కూర్చోబెట్టు. వందరెట్ల లాభం చూడగానే డెస్కులో వాళ్లు ఎందుకు ఉలిక్కిపడతారో అక్కడే అర్థమవుతుంది.

మార్కెట్ కుప్పకూలిన రోజే జనం మన మీద పడతారు. 2024 జూన్ 4న ఎన్నికల ఫలితాల వేళ ఎన్‌ఎస్‌ఈ సూచీ నిఫ్టీ దాదాపు 6 శాతం పడింది. అలాంటి రోజుకు సరిపడా సర్వర్లు కావాలని పై వాళ్లను అడగడానికి మొహమాటపడకు. బడ్జెట్ ముందు రెండు రోజులు కొత్త కోడు ఏదీ ఎక్కించనివ్వకు, అది ప్రోడక్ట్ మేనేజర్ ఎంత బతిమాలినా సరే. ఏదైనా చెడితే లేచి సరిచేయడానికి రాత్రి ఆన్‌కాల్‌లో ఉన్నవాణ్ని మర్నాడు పొద్దున్నే మీటింగుకు పిలవకు.

ఫిబ్రవరి ఒకటిన పదకొండింటికి బడ్జెట్ ప్రసంగం మొదలవుతుంది. ఆ రోజు నీకు ఫోను చేయవద్దని మీ అమ్మకు నేను చెప్పి ఉంచుతాను.

మీ మామయ్య