ఇరుళర్ కాలనీలో టీకాలు: సూది వేసిన మర్నాడు మళ్లీ వెళ్లండి

మీ ప్రశ్న చదివాను. చెన్నైలో పబ్లిక్ హెల్త్ చదువుతున్నారు, ప్రాజెక్టు పని మీద తిరువళ్లూరు జిల్లాలో ఇరుళర్ అనే గిరిజనుల కాలనీలకు వెళ్తున్నారు. రెండుసార్లు అవగాహన సభ పెట్టినా తల్లులు పిల్లల్ని టీకాలకు తీసుకురాలేదు, వాళ్ల మూఢనమ్మకాలు పోగొట్టడం ఎలా అని అడిగారు. ముందు ఆ మూఢనమ్మకం అన్న మాట పక్కన పెట్టమని మిమ్మల్ని కోరుతున్నాను. నేను చూసిన కాలనీలో పిల్లలకు టీకాలు పడకపోవడానికి నాకు కనిపించిన కారణాల్లో అది చాలా చిన్నది.

మాది సూళ్లూరుపేట దగ్గర పల్లె. పెళ్లయ్యాక చెన్నై వచ్చి ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పిల్లల వార్డులో 11 ఏళ్లు నర్సుగా చేశాను. 2016 నుంచి నలుగురైదుగురం కలిసి గుమ్మిడిపూండి అవతల ఒక ఇరుళర్ కాలనీకి వెళ్తున్నాం. అక్కడి పెద్దవాళ్లు తమిళం, తెలుగు కలిపి మాట్లాడతారు. వింటుంటే మా నెల్లూరు వైపు యానాదుల మాట గుర్తొస్తుంది. కాబట్టి నాకు భాష అడ్డం కాలేదు. అయినా మొదటి ఏడాది నన్ను నమ్మినవాళ్లు లేరు.

ఎందుకు నమ్మలేదో ఒక బుధవారం తెలిసింది. తమిళనాడులో ఊళ్లలో టీకాల రోజు బుధవారమే కదా. ఆ రోజు సెలవు పెట్టి అక్కడి విలేజ్ హెల్త్ నర్సుతో కలిసి వెళ్లాను. అంతకుముందు నెలలోనే నలుగురు పసిపిల్లలకు ఆరు వారాల టీకాలు వేయించాం, చాలా సంతోషంగా ఇంటికొచ్చాం. ఈసారి పది వారాల డోసు. వెళ్లేసరికి కాలనీలో ఒక్క బిడ్డ లేదు. తల్లులంతా పిల్లల్ని ఎత్తుకుని వెనక సరుగుడు తోపులోకి వెళ్లిపోయారు. ఒక గుడిసె ముందు ముసలావిడ మాత్రం ఎండు చేపలు తిరగేస్తూ కూర్చుంది. పక్కన కూర్చుని "ఏంటవ్వా, ఎవరూ లేరే?" అన్నాను.

ఆమె తల ఎత్తకుండానే చెప్పింది. "బాగుండే బిడ్డకు జరం తెచ్చిపెట్టి పోయినారు. రాత్రంతా ఒకటే ఏడుపు. మర్నాడు ఎవురన్నా వచ్చి చూసినారా అమ్మా?"

నా దగ్గర సమాధానం లేదు. పెంటావలెంట్ (ఐదు జబ్బులకు కలిపి వేసే టీకా) వేశాక చాలామంది పిల్లలకు ఆ రాత్రి ఒళ్లు వెచ్చబడుతుంది, తొడ మీద సూది పడినచోట చిన్న గడ్డలా కడుతుంది. మా వార్డులో రోజూ చూసే విషయమే. అక్కడి తల్లికి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు, నర్సుగారు చెప్పారులే అనుకున్నాను. జ్వరం వచ్చిన బిడ్డను వదిలి ఆమె పనికి పోలేదు. ఆ కాలనీ ఆడవాళ్లు ఉప్పుటేటిలో మోకాటి లోతు నీళ్లలో కూర్చుని, బురదలో చేతులతో తడిమి రొయ్యలు పడతారు. మూడు రోజులు నీళ్లలోకి దిగకపోతే ఆ మూడు రోజులూ ఇంట్లో బియ్యం ఉండవు. ఆమె లెక్కలో టీకా అంటే బిడ్డకు జ్వరం, ఇంటికి పస్తు. తోపులోకి వెళ్లిపోవడం తెలివితక్కువ పనా? నేనైనా అదే చేసేదాన్ని.

తర్వాతి నెల నుంచి గురువారం కూడా సెలవు పెట్టడం మొదలుపెట్టాను. మొత్తం పనిలో నేను నేర్చుకున్నది ఇదే, మిగతావన్నీ దీని తర్వాతే. సూది వేయకముందే తల్లి పక్కన కూర్చుని చెప్పేదాన్ని: "ఈ రాత్రి బిడ్డకు జరం రావచ్చు. సూది పడినచోట చింతగింజంత గడ్డ కట్టొచ్చు. దాన్ని నలపొద్దు, పసర్లు పూయొద్దు, తడిగుడ్డ పెట్టు. జరం వస్తే ఈ మందు ఇంత తాగించు, పాలు మానొద్దు. ఫిట్స్ వచ్చినా, బిడ్డ పాలు తాగకపోయినా, రెండు రోజులకీ జరం దిగకపోయినా నాకు ఫోన్ చెయ్, ఆసుపత్రికి పోదాం. రేపు పొద్దున నేనే వస్తాను." మందు ఎంత పోయాలో బిడ్డ బరువును బట్టి నర్సుగారు చెప్పేవారు. నేను ఆ గీత వరకు మూతలో పోసి చూపించి, తల్లి చేత కూడా పోయించేదాన్ని.

మర్నాడు తెల్లవారకముందే చెన్నై సెంట్రల్‌లో గుమ్మిడిపూండి లోకల్ ఎక్కి, దిగాక ఆటోలో కాలనీకి. గుడిసె గుడిసెకీ వెళ్లి బిడ్డ ఒళ్లు పట్టి చూసి, తొడ చూసి, తల్లి నిద్రపోయిందా లేదా అడిగి వచ్చేదాన్ని. అరగంట పని. అలా వెళ్లిన మూడో నెలలో, అంతకుముందు తోపులోకి పారిపోయిన తల్లుల్లో ఒకామె పక్క గుడిసె పిల్లతో అంటుంటే విన్నాను: "నర్సమ్మ చెప్పినట్టే జరం వచ్చింది, చెప్పినట్టే పోయింది." ఆ మాటకు ఉన్న బలం నేను తీసుకెళ్లిన ఏ రంగుల పోస్టరుకూ లేదు. ఆ తర్వాత తోపులోకి ఎవరూ పోలేదు.

ఇక వేళ. మీరు సభ పొద్దున పదకొండింటికి పెట్టానన్నారు. ఆ వేళకు ఆడవాళ్లు ఏట్లో ఉంటారు. వాళ్ల పనికి గడియారంతో సంబంధం లేదు, సముద్రపు పోటూ పాటూ చూసి దిగుతారు. ఏ రోజు ఎన్నింటికి ఒడ్డుకు వస్తారో అడిగి, ఆ వేళకు వెళ్లాలి. మా కాలనీలో సాయంత్రం నాలుగు దాటాక బాగా కుదిరింది. ఆ వేళకు టీకాలు మోసుకొచ్చే వ్యాక్సిన్ క్యారియర్ పెట్టెలో ఐస్ సరిగ్గా ఉండేలా నర్సుగారు ప్లాన్ చేసుకోవాల్సి వచ్చింది. ఆవిడ ఒప్పుకోవడానికి రెండు నెలలు పట్టింది. ఆవిడ మీద కోపం తెచ్చుకోకండి. ఒక్క మనిషి ఎన్నో ఊళ్లు చూడాలి, చీకటి పడ్డాక ఆ దారిలో బస్సు లేదు. మేము ఆటో ఖర్చు పెట్టుకుని దింపి వచ్చేవాళ్లం.

ఇంకో చిన్న విషయం పెద్ద అడ్డంకి అయింది. తట్టు, రూబెల్లా టీకా సీసాలో ఐదు డోసులుంటాయి. ఒకసారి కలిపాక నాలుగు గంటల్లో వాడెయ్యాలి, లేదంటే పారెయ్యాలి. ఒక్క బిడ్డే ఉంటే సీసా తెరవడానికి చెయ్యి రాదు, "వచ్చే నెల రామ్మా" అంటారు. కాలనీ మనిషికి ఆ "వచ్చే నెల" ఉండదు. ఒక్క బిడ్డ ఉన్నా సీసా తెరవాల్సిందే అని నా గట్టి అభిప్రాయం. నాలుగు డోసులు వృథా అయితే అయ్యాయి. ఆ బిడ్డకు తట్టు వస్తే అయ్యే నష్టంతో పోలిస్తే అది లెక్కలోకి రాదు.

ఆ "వచ్చే నెల" ఎందుకుండదంటే, సంక్రాంతి దాటాక సగం కాలనీ ఇటుక బట్టీలకు వెళ్లిపోతుంది. మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని భార్యాభర్తలు, పిల్లలు, కోళ్లతో సహా పోతారు. వానలు పడేదాకా తిరిగి రారు. ఈ అడ్వాన్సుల వెనక పెద్ద చరిత్రే ఉంది. వెట్టిచాకిరీ నిషేధ చట్టం 1976లో వచ్చింది. ఆ తర్వాత కూడా ఈ ఉత్తర జిల్లాల రైస్ మిల్లుల్లో, బట్టీల్లో వెట్టి నుంచి విడిపించిన కుటుంబాల్లో ఇరుళర్లు ఎందరో ఉన్నారు. ఇంటికొచ్చి పేరు రాసుకునే కొత్త మనిషిని చూస్తే వాళ్లు ఎందుకు బెదురుతారో దీన్నిబట్టి ఆలోచించండి. టీకాల కార్డు ఊళ్లో, బిడ్డ బట్టీలో ఉంటాయి. అక్కడి ఆరోగ్య కేంద్రానికి పోతే "కార్డేదీ?" అని కసురుతారు. ఒక ఆసుపత్రిలో నా కళ్లముందే కార్డు తేలేదని ఒక తల్లిని వరుసలోంచి పక్కకు నిలబెట్టారు. ఆమె గంటసేపు నిలబడి, ఏమీ అనకుండా వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు. అప్పటి నుంచి ప్రతి బిడ్డ కార్డూ ఫోటో తీసి, తల్లి ఫోన్‌లోనూ మా దగ్గరా ఉంచుతున్నాం. ఆలస్యమైనా అన్నీ పోయినట్టు కాదని కూడా వాళ్లకు చెప్పాలి. పెంటావలెంట్ మొదటి డోసు ఏడాది లోపు, తట్టు టీకా ఐదేళ్ల లోపు వేయించుకోవచ్చు.

నమ్మకాల సంగతి అడిగారు కాబట్టి చెబుతున్నాను. 2017 ఫిబ్రవరిలో తమిళనాడులో తట్టు, రూబెల్లా టీకాల కార్యక్రమం మొదలైనప్పుడు వాట్సాప్ పుకార్లు చూసి వెనక్కి తగ్గింది నగరంలో చదువుకున్న తల్లిదండ్రులు. మా అపార్ట్‌మెంట్‌లోనే ముగ్గురు పిల్లల్ని బడిలో టీకా వేసే రోజు బడికి పంపలేదు. కాలనీలో ఆ పుకారు ఎవరికీ తెలియదు.

టీకా ఎలా పనిచేస్తుందో వాళ్లకు నేను చెప్పాల్సిన అవసరం కూడా రాలేదు. మహాబలిపురం దగ్గర వడనెమ్మేలిలో ఇరుళర్ల పాములు పట్టేవాళ్ల సహకార సంఘం ఉంది. పాము చర్మాల వ్యాపారం ఆగిపోయి బతుకుతెరువు పోయాక 1978లో పెట్టుకున్నారు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర లాంటివి పట్టి, విషం తీసి, మళ్లీ అడవిలో వదిలేస్తారు. పాముకాటుకు మనం వేయించుకునే ఇంజెక్షన్ ఆ విషంతోనే తయారవుతుంది. 2023లో పద్మశ్రీ అందుకున్న వడివేల్ గోపాల్, మాసి సడయన్ ఈ సమాజం వాళ్లే. మా కాలనీలో ఒకామె తమ్ముడు అటువైపు ఉంటాడు. ఒక సాయంత్రం అతను తల్లులందర్నీ కూర్చోబెట్టి అన్నాడు: "మనం తీసిన విషం కొంచెం కొంచెంగా గుర్రానికి ఎక్కిస్తారు. గుర్రం చావదు. దాని నెత్తుట్లో విరుగుడు పుడతాది. బిడ్డకు సూది వేస్తే బిడ్డ ఒంట్లో కూడా అట్లనే పుడతాది." టీకాలో ఉండేది విషం కాదనీ, చంపిన క్రిమో, బలం తగ్గించిన క్రిమో, దాని ముక్కో అనీ నేను ఒక్క మాట కలిపాను, అంతే. దేశమంతటికీ విరుగుడు అందిస్తున్న వాళ్లకు మనం వెళ్లి సూది గురించి పాఠం చెప్పడం నాకు సిగ్గుగా అనిపించింది. మీరు కూడా కాలనీలోనే ఇలాంటి మనిషిని వెతకండి. మాట అతను చెప్పాలి, మీరు పక్కన ఉండాలి.

తమిళుల మాసి నెలలో వచ్చే మాసి మగం పౌర్ణమికి ఇరుళర్లు మహాబలిపురం ఒడ్డుకు చేరి తమ దేవత కన్నియమ్మను కొలుస్తారు. బట్టీల్లో చెదిరిపోయిన బంధువులు కూడా వస్తారు. అక్కడ టీకాల శిబిరం పెడదామని మాలో ఒకరన్నారు, నేను వద్దన్నాను. అది వాళ్ల పండుగ. ఒక ఏడాది వాళ్లు పిలిస్తే వెళ్లి ఇసుకలో కూర్చున్నాను. ఏ కుటుంబం ఏ బట్టీలో ఉందో, ఎవరికి బిడ్డ పుట్టిందో మాటల్లో వాళ్లే చెప్పారు. తర్వాత వారం ఆ బట్టీ దగ్గరి నర్సుకు ఫోన్ చేస్తే పని అయిపోయింది.

అనుమతి విషయంలో మాత్రం జాగ్రత్త. తెలుగువాళ్లం మనం మర్చిపోకూడని సంగతి ఒకటుంది. 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో, భద్రాచలం వైపు, 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేశారు. వాళ్లలో ఎంతోమంది హాస్టళ్లలో ఉండే ఆదివాసీ పిల్లలు. చాలాచోట్ల అమ్మానాన్నల బదులు వార్డెన్లే సంతకాలు పెట్టారు. కొందరు పిల్లలు చనిపోవడంతో 2010లో ఆపేశారు. ఆ మరణాలకు టీకా కారణమని విచారణలో తేలలేదు. కానీ అనుమతి తీసుకున్న తీరును 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం తీవ్రంగా తప్పుపట్టింది. మంచి టీకాయే, దాని పేరు చెడిపోయింది. మీ ప్రాజెక్టు ఫారం మీద వేలిముద్ర వేయించే ముందు, అందులో ఏముందో ఆ తల్లి తిరిగి మీకు చెప్పగలిగేదాకా ఆగండి.

ఇది మన ఒక్క దేశంలో సంగతి కూడా కాదు. ఆస్ట్రేలియాలో అక్కడి మూలవాసులు 1971లో సిడ్నీ రెడ్‌ఫర్న్‌లో సొంత వైద్యశాల పెట్టుకున్నారు. తర్వాత అలాంటివి దేశమంతా వచ్చాయి. ఈమధ్య సంవత్సరాల్లో ఐదేళ్ల వయసుకు అన్ని టీకాలూ పూర్తయిన పిల్లల శాతం అక్కడ మిగతావాళ్లలో కంటే మూలవాసుల్లోనే ఎక్కువగా నమోదైంది. మన దగ్గర అంత దూరం రాలేదు. ఆ కాలనీలో పదో తరగతి పాసైన ఒక అమ్మాయి ఇప్పుడు నర్సింగ్ అసిస్టెంట్ కోర్సు చేస్తోంది. గురువారం పొద్దున గుడిసెలు తిరగడం ఇప్పుడు ఆమె చూసుకుంటోంది. నేను నెలకోసారి వెళ్తే సరిపోతోంది.

మీ గైడ్‌తో మాట్లాడి మూడో సభ మానేయండి. ఆ డబ్బుతో మర్నాటి ఆటో ఖర్చులు పెట్టుకోండి. ఫీల్డ్ పని జనవరి తర్వాత మొదలుపెడదామని రాశారు, దాన్ని దీపావళికే మొదలుపెట్టండి. సంక్రాంతి దాటాక వెళ్తే గుడిసెలకు తడికలు కట్టేసి ఉంటాయి, లోపల ఎవరూ ఉండరు.