రెయిన్‌బో చేపలకు వన్నె రాకపోవడం గురించి, మా ఇంటి తొట్టె అనుభవం

మీరు బ్రిస్బేన్‌కు వచ్చి ఏడాది అయిందని, దుకాణంలో "ఆస్ట్రేలియన్ రెయిన్‌బో" అన్న చీటీ చూసి నాలుగు చేపలను రెండడుగుల తొట్టెలోకి తెచ్చుకున్నారని, నెల గడిచినా అవి బూడిద రంగులోనే ఉండి మనిషి అలికిడి కాగానే మూలకు చేరుతున్నాయని రాశారు. నీరు ఎంత వెచ్చగా ఉండాలి, రంగు రావడానికి ఏ మేత వేయాలి అన్నవి మీ రెండు ప్రశ్నలు. ఇదే ఊళ్లో తొమ్మిదేళ్లుగా ఈ చేపలను పెంచుతున్నాను. మీరు అడిగిన రెండింటికంటే అడగని మూడోది, అంటే తొట్టె పొడవు, ఇక్కడ ఎక్కువ అడ్డుపడుతున్నదని నా అభిప్రాయం.

ముందుగా మీ దగ్గరున్నది ఏ జాతో తేల్చుకోవాలి. రెయిన్‌బో చేపల కుటుంబం ఆస్ట్రేలియాలోనూ దానికి ఉత్తరాన ఉన్న న్యూగినీలోనూ వ్యాపించి ఉంది, కానీ దుకాణాలవారు రెంటినీ ఒకే చీటీ కింద పెడతారు. ముందు సగం నీలంగా, వెనక సగం నారింజ రంగులో కనిపించే బోసెమని, పెద్దయ్యాక ఒళ్లంతా ఎరుపెక్కే ఇన్‌సైసస్, ఈ రెండూ న్యూగినీ సరస్సుల చేపలే. మన చుట్టుపక్కల వాగుల్లో పెరిగేది మెలనోటేనియా డుబులాయి. న్యూ సౌత్ వేల్స్‌లోని హేస్టింగ్స్ నది మొదలుకొని క్వీన్స్‌లాండ్‌లోని బాఫిల్ క్రీక్ వరకు తూర్పు తీరపు ఏరుల్లో ఇది కనిపిస్తుంది, మొప్ప మూత మీద ఉండే కెంపు చుక్కే దీని గుర్తు. ముర్రే నది చేపకు కూడా అలాంటి చుక్కే ఉండటం వల్ల చాలాకాలం రెంటినీ ఒకటిగానే లెక్కవేశారు, 1986లో గానీ అవి వేర్వేరు జాతులని నిర్ధారించలేదు. ముర్రే చేప చలికి బాగా ఓర్చుకుంటుంది, న్యూగినీ చేపలకు ఏడాది పొడుగునా వెచ్చదనం కావాలి, డుబులాయి ఈ రెంటికీ నడిమిది. మా తొట్టెకు హీటర్ లేదు. జులైలో నీరు 17 డిగ్రీలకు దిగుతుంది, జనవరిలో 29 దాకా పోతుంది, ఆ తేడా వల్ల ఇంతవరకు ఏ చేపకూ జబ్బు చేయలేదు. మీవి బోసెమని అయితే మాత్రం ఈ మాట వర్తించదు, చలికాలానికి హీటర్ పెట్టవలసిందే.

ఇక పొడవు సంగతి. మొదటి ఏడాది నేనూ రెండడుగుల తొట్టెలోనే అయిదు పిల్లలను ఉంచాను. రెయిన్‌బో నిలకడగా ఒకచోట ఉండే చేప కాదు, బారుగా ఈది, ఒక్కసారిగా మళ్లి, మళ్లీ బారుగా ఈదే చేప. రెండడుగుల తొట్టెలో అది పరుగు అందుకునే లోపే అద్దం తగులుతుంది, తగిలిన ప్రతిసారీ బెదురుతుంది, బెదిరిన చేప రంగు చూపదు. నాలుగడుగుల తొట్టెలోకి మార్చి, మరో నాలుగింటిని తోడు తెచ్చిన పదిహేను రోజులకు అవే చేపలు గుర్తుపట్టలేనంతగా మారాయి. తోడు అన్నప్పుడు మగచేపల తోడు ముఖ్యం, ఎందుకంటే వన్నెంతా ఒక మగచేప మరో మగచేపకు చూపించుకునేదే. మా వంటింటి కిటికీ తూర్పు ముఖం. ఉదయం ఆరున్నరకు ఎండ తొట్టె మీద పడగానే రెండు మగచేపలు పక్కపక్కన నిలబడి, రెక్కలన్నీ విప్పి, ఒకదానికొకటి ఎదురు తిరుగుతూ వలయాలు తిరుగుతాయి. ఆ సమయంలో నుదుటి నుంచి వీపు దాకా ఒక గీత దీపం వెలిగించి ఆర్పినట్టు తళుక్కుమని మాయమవుతుంది. చూడటానికి పోట్లాటలాగే ఉంటుంది గానీ ఒక్క పొలుసు ఊడటం నేను చూడలేదు. కాఫీ చల్లారిపోవడం మాత్రం చాలాసార్లు చూశాను.

మీ నాలుగింటిలో మగవి ఎన్నో ఇలా చూడండి. ఈ చేపకు వీపు మీద రెండు రెక్కలుంటాయి, ముందుది చిన్నది, వెనకది పొడవైనది. ముందు రెక్కను ముడిచినప్పుడు దాని కొన వెనక రెక్క మొదలు దాటి పడితే అది మగచేప, మధ్యలో ఖాళీ మిగిలితే ఆడచేప. నాలుగు సెంటీమీటర్ల పిల్లల్లో ఇది సరిగ్గా తెలియదు. ఆ వయసులో రంగు కూడా రాదు. దుకాణంలో అద్దం వెనక అవి పేలవంగా కనిపించడం వల్లే చాలామంది వీటిని దాటి నియాన్ టెట్రాల దగ్గరకు పోతారు. నిండు వన్నె రావడానికి ఏడాది, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ పడుతుంది, కాబట్టి నెల రోజులకే నిరాశపడటం తొందరపాటు.

మేత విషయంలో రంగు పెంచుతుందని డబ్బా మీద రాసి ఉన్నదాన్ని నేను రెండు నెలలు వేసి మానేశాను, చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. అంతకంటే గమనించవలసినది వీటి గొంతు. ఒళ్లు వెడల్పుగా పెరిగినా గొంతు సన్నగానే ఉంటుంది కనుక పెద్ద గుళికలను వేళ్ల మధ్య నలిపి వేయాలి. మేతను నీటి పైభాగంలో, నడిమిలో అందుకుంటాయి, అడుక్కు చేరినదాన్ని పెద్దగా పట్టించుకోవు. కొద్దికొద్దిగా రోజుకు రెండుసార్లు వేయడం మేలు. వారానికి రెండు రోజులు ఉడికించి చిదిమిన బఠాణీ, సన్నగా తరిగిన పాలకూర వేస్తాను. పెరట్లో బకెట్‌లో దోమ పిల్లలు పుడితే వడగట్టి వేస్తాను, వాటి మీద ఇవి పడే తీరు వేరే మేత మీద ఉండదు. దోమల కోసమని ఈ దేశంలోకి తెచ్చి వదిలిన గంబూసియా చేప, మన తెలుగు ఊళ్లలో పురపాలక సిబ్బంది చెరువుల్లో వదిలేది అదే, ఇక్కడి ఏరుల్లో పెద్ద బెడదగా మారింది. ఆ పనిని ఈ నేల చేపలే చక్కగా చేస్తాయి.

నీటి విషయంలో నేను చేసిన తప్పును వివరంగా చెప్పాలి, మనవాళ్లెవరైనా చేయగల తప్పు అది. విజయవాడలో ఉన్నప్పుడు కుళాయి నీళ్లు సాయంత్రం బకెట్లలో పట్టి, తెల్లవారి తొట్టెలో పోసేవాళ్లం, రాత్రికి రాత్రి క్లోరిన్ ఎగిరిపోయేది. ఇక్కడా అదే అలవాటుతో ఒక ఆదివారం మూడోవంతు నీళ్లు మార్చాను. మధ్యాహ్నానికి చేపలన్నీ పైకి వచ్చి మొప్పలు ఎగరేస్తూ రొప్పసాగాయి, చీకటి పడేలోగా మూడు చనిపోయాయి. బ్రిస్బేన్ కుళాయి నీటిలో ఉండేది క్లోరమైన్, అంటే అమ్మోనియాతో కలిసిన క్లోరిన్, అది బకెట్‌లో ఒక రాత్రి ఉంచినంత మాత్రాన పోదు. నీటిని శుద్ధిచేసే మందు సీసా మీద క్లోరమైన్ అన్న పదం ఉందో లేదో చూసి కొనండి, ఆ మందు కలపకుండా చెంబెడు నీళ్లు కూడా పోయకండి. మిగిలిన లక్షణాల్లో ఇక్కడి నీరు వీటికి సరిపోతుంది. కాస్త క్షారగుణం, కాస్త కాఠిన్యం ఉన్న నీరంటే వీటికి ఇష్టం, నేను కొలిచినప్పుడల్లా పీహెచ్ 7.4 నుంచి 7.8 మధ్యనే ఉంది. వారానికి పావువంతు మారిస్తే చాలు. తొట్టెకు మూత తప్పనిసరి, ఇవి ఎగిరి నేలమీద పడతాయి.

గుడ్ల గురించి మీరు అడగలేదు గానీ, తొట్టె కుదిరితే అవి వాటంతటవే వస్తాయి. ఇవి ఒకేసారి గుట్టగా పెట్టవు, రోజుకు కొన్ని చొప్పున ఉదయం పూట నాచులోనో ఆకుల మధ్యనో పెడతాయి. నేను ఊలు దారాన్ని కుచ్చుగా కట్టి వేలాడదీస్తాను. గుడ్డు మిల్లీమీటరు అంత ఉంటుంది, సన్నని జిగురు పోగులతో దారానికి అంటుకుంటుంది, చేత్తో తీయబోతే పోగు వేలికి చుట్టుకొని వస్తుంది. కుచ్చును వేరే గిన్నెలోకి మారిస్తే వారం పది రోజుల్లో పిల్లలు బయటికి వచ్చి, కనురెప్ప వెంట్రుకల్లా నీటి పైపొరకు అంటుకుని తిరుగుతాయి. మొదటి రోజుల్లో వాటి నోటికి కంటికి కనబడని సూక్ష్మజీవులే పడతాయి, కనుక పాత తొట్టె నీరు, నాచు ఉన్న గిన్నెలోనే వాటిని ఉంచాలి.

రెండు హెచ్చరికలు. వేర్వేరు రెయిన్‌బో జాతులను కలిపి ఉంచితే అవి జత కడతాయి, పుట్టిన పిల్లలకు ఏ జాతి వన్నే సరిగ్గా రాదు. రెండోది, బయటి చేపలను ఏరుల్లో, సరస్సుల్లో వదలడం గురించి. ఉత్తర క్వీన్స్‌లాండ్‌లోని ఈచమ్ సరస్సు రెయిన్‌బోను 1982లో కొత్త జాతిగా వర్ణించారు, ఆ దశాబ్దం గడవకముందే అది ఆ సరస్సులో కనబడకుండా పోయింది. కారణం ఎవరో వేరేచోటి నుంచి తెచ్చి వదిలిన చేపలు. తరువాత అదే జాతి చుట్టుపక్కల వాగుల్లో దొరికింది గానీ, అప్పటిదాకా ఇళ్ల తొట్లలో కలపకుండా పెంచినవారి దగ్గరే అది మిగిలి ఉంది. అందుచేత మీ చేపలు ఎక్కువైనా, విసుగొచ్చినా వాగులో మాత్రం వదలకండి.

ఇప్పుడు చేయవలసింది నాలుగడుగుల తొట్టె చూడటం, పాతది దొరికినా చాలు. దాని నీరు కుదిరాక, మీ చేపలది ఏ జాతో తేల్చుకుని అదే జాతివి మరో నాలుగింటిని, అందులో కనీసం రెండు మగవాటిని తెచ్చుకోండి. ఆస్ట్రేలియా న్యూగినీ చేపల సంఘం, అంగ్ఫా, వారి సమావేశాల్లో సభ్యులు తమ ఇంట్లో పుట్టిన పిల్లలను అమ్ముతారు. అక్కడ కొంటే సంచి మీద జాతి పేరుతో పాటు ఏ వాగు చేపో కూడా రాసి ఉంటుంది, ఒకవేళ లేకపోతే అడిగి రాయించుకోండి.