18 లక్షల రిసీట్స్, 1.80 లక్షల టీడీఎస్: మీ డబ్బు మీకు వస్తుందండి

మీరు ఇంటీరియర్ డెకరేషన్ చేస్తున్నారు, 2025-26లో 18 లక్షలు వచ్చింది, క్లయింట్లు 10 శాతం టీడీఎస్ (పేమెంట్‌లోంచి ముందే పట్టుకునే ట్యాక్స్) కట్ చేశారు, ఇంకా ఎంత కట్టాలో అని టెన్షన్ పడుతున్నారు కదా. కంగారు పడకండి, చాలావరకు తిరిగి రావాలి.

మీ పని సెక్షన్ 44ఏడీఏ (కొన్ని వృత్తులవాళ్లు అంచనా ఆదాయం మీద ట్యాక్స్ లెక్కేసుకునే పద్ధతి) లిస్టులో ఉంది, అంటే వచ్చినదాంట్లో సగం, 9 లక్షలు ఆదాయంగా చూపిస్తే చాలు, లెక్కల పుస్తకాలు, ఆడిట్ గొడవ ఉండదు. కొత్త ట్యాక్స్ రెజీమ్‌లో 12 లక్షల ఆదాయం దాకా 87ఏ రిబేట్ (ట్యాక్స్ మాఫీ) ఉంది కాబట్టి వేరే ఆదాయం లేకపోతే ట్యాక్స్ సున్నా, మొత్తం 1.80 లక్షలు రీఫండ్. కానీ నిజంగా మిగిలింది 9 లక్షల కంటే ఎక్కువైతే ఆ అసలు మొత్తమే చూపించండి, సగం అనేది కనీసం మాత్రమే. ల్యాప్‌టాప్, ఆఫీస్ రెంట్ మళ్లీ విడిగా తీసేయడం కుదరదు, ఆదాయంగా చూపించని మిగతా సగంలోనే కలిసిపోయాయి.

ఫైల్ చేసేముందు 26ఏఎస్ (మీ పాన్ మీద జమైన ట్యాక్స్ చూపించే స్టేట్‌మెంట్) ఓపెన్ చేసి ప్రతి క్లయింట్ కట్ చేసింది మీ పాన్ మీద పడిందో లేదో చూడండి, పడకపోతే రీఫండ్ అక్కడే ఆగుతుంది, ముందు వాళ్లని టీడీఎస్ రిటర్న్ సరిచేయమనండి. రిటర్న్ ఫారం ఐటీఆర్-4. లిస్టెడ్ షేర్లు (స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో కొనేవి) ఏడాదిలోపు అమ్మి లాభం వచ్చుంటే మాత్రం ఐటీఆర్-3, ఆ లాభానికి ఈ రిబేట్ కూడా రాదు.

ఇంకోటి, జీఎస్టీ లిమిట్ సర్వీసులకి 20 లక్షలు, అది లాభం మీద కాదు, మొత్తం బిల్లింగ్ మీద, మీరు దగ్గర్లోనే ఉన్నారు, నెలనెలా చూసుకోండి.