ఇంటి లేత్‌కు కొత్త మోటారు: హెచ్‌పీ కంటే ముందు చూడాల్సినవి

ప్రశ్న: ఇంటి షెడ్‌లో నాలుగున్నర అడుగుల లేత్ (లోహపు ముక్కను తిప్పుతూ కోసే యంత్రం) ఉంది. ఉన్నది సింగిల్ ఫేజ్ కరెంటే. 1 హెచ్‌పీ మోటారు స్విచ్ వేస్తే మూలుగుతోంది, తిరగడం లేదు. ఈసారి 2 హెచ్‌పీ వేసేద్దామా, పాతదే రీవైండింగ్ చేయిద్దామా?

జవాబు:

కొనే ముందు ఒక పరీక్ష. బెల్టు తీసేయండి. షాఫ్ట్‌ను చేత్తో గట్టిగా తిప్పి వదిలి, అది తిరుగుతుండగానే స్విచ్ వేయండి. మోటారు అందుకుని వేగం పట్టిందంటే మెయిన్ వైండింగ్ బాగానే ఉన్నట్టు. తప్పు చాలావరకు స్టార్టింగ్ కెపాసిటర్‌లోనో, వేగం అందుకోగానే స్టార్టింగ్ వైండింగ్‌ను విడదీసే లోపలి సెంట్రిఫ్యూగల్ స్విచ్‌లోనో ఉంటుంది. 1 హెచ్‌పీకి 100 ఎమ్‌ఎఫ్‌డీ (మైక్రోఫారడ్) అటూ ఇటూగా ఉండే కెపాసిటర్ మార్చడం చిన్న ఖర్చు. పాతదాని మీద ఉన్న విలువే వేయండి. స్విచ్ కాంటాక్టులు నల్లబడితే సన్నటి ఎమరీతో రుద్దవచ్చు, గుంటలు పడితే స్విచ్ మార్చాల్సిందే. కాలిన వాసన వచ్చినా, బాడీకి షార్ట్ చూపినా అప్పుడు కొత్తదాని గురించి ఆలోచించండి.

2 హెచ్‌పీ వద్దు. ఆ సైజు లేత్‌లో కోతకు హద్దు పెట్టేది మోటారు కాదు, బెడ్డూ, కోసే టూల్‌ను పట్టుకునే టూల్‌పోస్టూ ఎంత గట్టిగా నిలబడతాయన్నది. చిన్న పుల్లీ మీద ఒక్క ఏ-సెక్షన్ (వీ-బెల్టుల్లో ఒక సైజు) బెల్టు 1 హెచ్‌పీకి మించి మోయలేక జారుతుంది. ఆ జారడం కూడా ఒకరకంగా మంచిదే, టూల్ జాబ్‌లో (కోసే ముక్కలో) ఇరుక్కున్నప్పుడు గేర్లను కాపాడేది అదే. పైగా 1440 స్పీడు త్రీఫేజ్ మోటార్లలో 1 హెచ్‌పీ 80 ఫ్రేమ్‌లో (బాడీ సైజు) వస్తే 2 హెచ్‌పీ 90ఎల్‌లో వస్తుంది. షాఫ్ట్ 19 ఎం.ఎం. నుంచి 24కు మారుతుంది, సెంటర్ ఎత్తు 10 ఎం.ఎం. పెరుగుతుంది, కాళ్ల బోల్టు రంధ్రాలు 125×100 నుంచి 140×125కు జరుగుతాయి. అంటే పుల్లీ బోర్ చేయించాలి, కీ-వే మళ్లీ కొట్టించాలి, మౌంటింగ్ ప్లేటు కొత్తది కావాలి.

నేమ్‌ప్లేట్ మీద హెచ్‌పీ కంటే ముందు ఆర్‌పీఎం చూడండి. మీ పాతది 1440 అయితే కొత్తదీ 1440నే. 2880ది పెడితే స్పిండిల్ (జాబ్‌ను తిప్పే ఇరుసు) స్పీడు రెట్టింపై థ్రెడింగ్ చేయి దాటిపోతుంది. పుల్లీ సగానికి తగ్గిద్దామంటే ఏ-సెక్షన్ బెల్టును 75 ఎం.ఎం. కంటే చిన్న పుల్లీ మీద వంచితే త్వరగా పగుళ్లు వస్తాయి. మోనోబ్లాక్ పంపు మోటార్లు ఇందుకే పనికిరావు. ట్రెడ్‌మిల్ మోటారు చవగ్గా దొరుకుతుంది కానీ దాని మీద రాసిన హెచ్‌పీని నమ్మొద్దు, బాడీ తెరిచి ఉంటుంది కాబట్టి పోత ఇనుము పొడి నేరుగా లోపలికి పోతుంది. ఏది కొన్నా పూర్తిగా మూసి ఉండి వెనక ఫ్యాన్ ఉన్నదీ, డ్యూటీ ఎస్1 (ఆపకుండా నడవగలిగేది) అని రాసి ఉన్నదీ తీసుకోండి.

సింగిల్ ఫేజ్‌లోనే ఉండాలనుకుంటే కెపాసిటర్ స్టార్ట్ మోటారు చాలు. కానీ లేత్ మీద నిమిషానికోసారి ఆపి వేసే పని ఉంటే కెపాసిటర్, స్విచ్ మళ్లీ మళ్లీ పోతాయి. నా ఓటు 1 హెచ్‌పీ త్రీఫేజ్ మోటారుకూ, 230 వోల్టుల సింగిల్ ఫేజ్ తీసుకుని త్రీఫేజ్ ఇచ్చే 0.75 కిలోవాట్ల వీఎఫ్‌డీకీ (మోటారు వేగాన్ని మార్చే ఎలక్ట్రానిక్ డ్రైవ్). సింగిల్ ఫేజ్ మోటారు టార్క్ సెకనుకు 100 సార్లు ఊగుతుంది, ఫినిషింగ్ కోతలో ఆ గీతలు కనబడతాయి. త్రీఫేజ్‌లో ఆ బాధ ఉండదు.

ఇక్కడే చాలామంది డబ్బు పోగొట్టుకుంటారు. ఈ డ్రైవ్ 230 వోల్టులు ఇస్తుంది, 415 ఇవ్వదు. మన దగ్గర 2 హెచ్‌పీ వరకు మోటార్లు సాధారణంగా 415కు స్టార్‌లో (మూడు వైండింగ్‌ల కొసలు ఒకచోట కలిపి) కట్టి వస్తాయి. వాటిని డెల్టాకు (వైండింగ్‌లను త్రికోణంలా ఒకదానికొకటి కలిపి) మారిస్తేనే 230 మీద పూర్తి బలం వస్తుంది. కాబట్టి సికింద్రాబాద్ రాణిగంజ్‌లో కొన్నా, ఆటోనగర్‌లో పాతది తీసుకున్నా, డబ్బిచ్చే ముందు టెర్మినల్ బాక్సు మూత తీయించి తీగలు లెక్కపెట్టండి. ఆరు ఉంటే టెర్మినళ్లను కలిపే పట్టీలు మార్చుకుంటే సరి. మూడే ఉంటే స్టార్ పాయింట్ లోపల కట్టేసి ఉన్నట్టు, దాన్ని వైండర్ చేత విప్పించి మిగతా మూడు కొసలు బయటికి తెప్పించాలి. డెల్టాలో కరెంటు స్టార్ విలువకు 1.73 రెట్లు. ప్లేటు మీద 1.8 ఆంపియర్లుంటే డ్రైవ్‌లో ఓవర్‌లోడ్ 3.1కి పెట్టండి. బేస్ ఫ్రీక్వెన్సీ 50 హెర్ట్జ్, వేగం పెరగడానికీ తగ్గడానికీ 3 సెకన్లు.

మెట్లుమెట్లుగా ఉండే కోన్ పుల్లీని, స్పిండిల్ వేగం తగ్గించి బలం పెంచే బ్యాక్‌గేర్‌ను తీసి పారేయకండి. 25 హెర్ట్జ్‌లో మోటారు ఇచ్చేది అర హెచ్‌పీయే, ఫ్యానూ సగం వేగంతోనే తిరుగుతుంది. పెద్ద డయా కోతకు బ్యాక్‌గేరే దిక్కు. జాబ్‌ను పట్టుకునే చక్ మరలతో బిగించే రకమైతే బ్రేకింగ్ గట్టిగా పెట్టొద్దు, రివర్స్‌లో కోత అసలు వద్దు. స్పిండిల్ ఆగి చక్ ఆగకపోతే అది విప్పుకుని బెడ్ మీద పడుతుంది.

డ్రైవ్‌కూ మోటారుకూ మధ్య పాత రివర్స్ స్విచ్ ఉంచకండి, నడుస్తుండగా తెరిస్తే డ్రైవ్ పోతుంది. ఆ స్విచ్‌ను కంట్రోల్ టెర్మినళ్లకు కట్టవచ్చు. అయితే కరెంటు పోయి వచ్చినప్పుడు ఆన్‌లో మిగిలిపోయిన స్విచ్ వల్ల కొన్ని డ్రైవ్‌లు వాటంతటవే మొదలవుతాయి. అందుకే స్టార్ట్, స్టాప్ పుష్ బటన్లు పెట్టి ఆటో రీస్టార్ట్‌ను ఆపేయండి. సింగిల్ ఫేజ్ మోటారే పెడితే మామూలు స్విచ్ బదులు కరెంటు పోగానే తనంతట తానే ఆపేసే నో-వోల్ట్ కాయిల్ ఉన్న స్టార్టర్ వేయండి. మోటారు బాడీ నుంచి ఎర్త్ తీగను డ్రైవ్ ఎర్త్ టెర్మినల్‌కు విడిగా లాగండి. డ్రైవ్ మూత తీయాల్సి వస్తే కరెంటు ఆపాక పది నిమిషాలు ఆగండి, లోపలి కెపాసిటర్లలో 325 వోల్టుల దాకా నిలిచి ఉంటుంది.