ఐఫోన్‌లో సైడ్‌లోడింగ్: 99 డాలర్లు కడితే వారం వారం గోల తప్పుతుందా?

ప్రశ్న: యాప్ స్టోర్‌లో లేని ఓపెన్ సోర్స్ యాప్స్ రెండు ఫ్రీ ఆపిల్ ఐడీతో ఐఫోన్‌లో వేసుకున్నా (దీన్నే సైడ్‌లోడింగ్ అంటారట). వారం తిరిగేసరికి ఓపెన్ అవ్వట్లేదు. పెయిడ్ డెవలపర్ అకౌంట్ తీసుకుంటే ఈ బాధ పోతుందా? ఒకతను తన పెయిడ్ అకౌంట్‌లో స్లాట్ (ఒక ఫోన్‌కి చోటు) తక్కువకే ఇస్తానంటున్నాడు, తీసుకోవచ్చా?

జవాబు: వారం బాధ పోతుందండి, అందులో డౌట్ లేదు. ఐఫోన్‌లో ఏ యాప్ రన్ అవ్వాలన్నా ఆపిల్ ఒప్పుకునే సర్టిఫికెట్‌తో సైన్ అయి (అంటే డిజిటల్ ముద్ర పడి) ఉండాలి, ఫ్రీ ఐడీతో సైన్ చేస్తే యాప్‌తో ఉండే ప్రొఫైల్ (రన్ అవ్వడానికి అనుమతిచ్చే ఫైల్) గడువు 7 రోజులే, పైగా ఒక ఫోన్‌లో ఒకేసారి 3 యాప్స్, వారంలో 10 యాప్ ఐడీలు (ఆపిల్ దగ్గర ఒక్కో యాప్‌కి నమోదయ్యే గుర్తింపు) అంతే. విడ్జెట్ లాంటి ఎక్స్‌టెన్షన్స్ (అదనపు భాగాలు) ఉన్న యాప్ అయితే ఒక్కోదానికి విడిగా ఒక ఐడీ పోతుంది, అందుకే ఆ 10 అనుకున్నదానికన్నా తొందరగా అయిపోతాయి. ఏడాదికి 99 డాలర్లు కట్టే అకౌంట్‌లో ప్రొఫైల్ ఏడాది పాటు ఉంటుంది, 3 యాప్స్ లిమిట్ ఉండదు, ఫ్రీ ఐడీకి ఇవ్వని పుష్ నోటిఫికేషన్స్, ఐక్లౌడ్, వీపీఎన్ లాంటి పర్మిషన్స్ కూడా వస్తాయి.

కానీ మీకున్నవి రెండే యాప్స్ కదా, వాటికోసం అంత కట్టమని నేను చెప్పను. ఆల్ట్‌స్టోర్ అనే సైడ్‌లోడింగ్ యాప్ పెట్టుకుంటే కంప్యూటర్ అదే వైఫైలో ఆన్‌లో ఉన్నప్పుడు అదే మీ యాప్స్‌ని రిఫ్రెష్ (మళ్లీ సైన్) చేసేస్తుంది, అలాంటిదే సైడ్‌స్టోర్ అయితే ఒకసారి సెటప్ అయ్యాక కంప్యూటర్ కూడా అక్కర్లేదు. సొంతంగా యాప్స్ రాయడం నేర్చుకుంటున్నా, పుష్ నోటిఫికేషన్స్ లేకపోతే పనికిరాని యాప్ అయినా అప్పుడు తీసుకోండి, అసలు ఆపిల్ ఆ అకౌంట్ ఇచ్చేదే మనం తయారుచేసే యాప్స్ కోసం.

ఒక్కటి మాత్రం బాగా గుర్తుపెట్టుకోండి, దీని దగ్గరే చాలామంది డేటా పోగొట్టుకుంటున్నారు. గడువు అయిపోయి యాప్ ఓపెన్ అవ్వకపోతే కంగారుపడి డిలీట్ చెయ్యొద్దు, అదే ఆపిల్ ఐడీతో మళ్లీ సైన్ చేసి ఉన్న యాప్ పైనే ఇన్‌స్టాల్ చేస్తే లోపలి డేటా ఎక్కడిదక్కడే ఉంటుంది. ఫ్రీ నుంచి పెయిడ్‌కి మారితే మాత్రం సంగతి వేరు, అదే ఆపిల్ ఐడీ అయినా సరే టీమ్ ఐడీ (డెవలపర్ అకౌంట్‌కి ఆపిల్ ఇచ్చే గుర్తింపు) మారిపోతుంది కాబట్టి ఫోన్ దాన్ని పాత యాప్‌కి అప్‌డేట్‌గా తీసుకోదు, అందుకని ముందే యాప్ లోపల ఎక్స్‌పోర్ట్ ఆప్షన్ ఉంటే డేటా మొత్తం బయటికి తీసి పెట్టుకోండి.

ఇక స్లాట్ కొనడం, వద్దండి. ఒక అకౌంట్‌లో ఏడాదికి 100 ఐఫోన్లు రిజిస్టర్ చెయ్యొచ్చు, ఇలాంటివాళ్లు వాటినే ముక్కలుగా అమ్ముతారు. అతను సర్టిఫికెట్ రివోక్ (రద్దు) చేసినా, ఆపిల్ ఆ అకౌంట్ మూసేసినా మీ యాప్స్ పనిచెయ్యడం మానేస్తాయి, డబ్బులు ఎవరినడుగుతారు? అతనే సైన్ చేసి పంపిన యాప్ అయితే లోపల ఏం కలిపాడో కూడా మనకి తెలీదు. ఐపీఏ ఫైల్ (ఐఫోన్ యాప్ ఇన్‌స్టాల్ ఫైల్) ఎప్పుడైనా ఆ ప్రాజెక్ట్ వాళ్ల సొంత రిలీజ్ పేజీ నుంచే దించుకోండి, సైనింగ్ టూల్స్‌లో మీ ఫోటోలు, బ్యాకప్ ఉన్న మెయిన్ ఆపిల్ ఐడీ పాస్‌వర్డ్ కొట్టకుండా దీనికోసమే వేరే ఐడీ ఒకటి చేసుకోండి.

ప్రశ్న: యాప్ ఇన్‌స్టాల్ అయింది కానీ డెవలపర్ మోడ్ ఆన్ చెయ్యమంటోంది, ఎక్కడుంది?

జవాబు: ఐఓఎస్ 16 నుంచి ఇది తప్పనిసరి. సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీలోకి వెళ్లి అట్టడుగుకి స్క్రోల్ చేస్తే ఉంటుంది, ఇలాంటి యాప్ ఒకటైనా ఫోన్‌లో పడేదాకా ఆ ఆప్షన్ కనపడదు కాబట్టి ఇంతకుముందు మీరు చూసుండరు. ఆన్ చేస్తే ఫోన్ రీస్టార్ట్ అవుతుంది, లాక్ తీశాక ఇంకోసారి అడుగుతుంది, అక్కడ టర్న్ ఆన్ నొక్కి పాస్‌కోడ్ కొట్టాలి, చాలామంది ఆ రెండోసారి వచ్చే బాక్స్‌ని చూసుకోకుండా మూసేసి పనిచెయ్యట్లేదు అనుకుంటున్నారు.